సఖినేటిపల్లి రేవులో దిగిన రైలు

నేను చెప్పబోయే కాలంలో మా కోనసీమకి లేనిదంటూ ఒకే ఒకటి ఉండేది. అది రైలు. తక్కినవన్నీ అవసరానికి మించే ఉండేవి. కొబ్బరికాయలు ఎంత విరివిగా కాసేవంటే, దారిన పోయే మనిషి తప్పుకోలేకపోతే కాయలే పక్కకి జరిగి పడేవి. నీళ్లు ఎటు తిరిగినా కాళ్లకి తగిలేవి. ఇక మర్యాద సంగతి చెప్పనే అక్కర్లేదు. తిట్టేవాడు కూడా చివర్న 'అండి' తగిలించి తిట్టేవాడు, తిట్టు తిన్నవాడు 'ఆయ్' అని ఒప్పుకుని ఇంటికి వెళ్లేవాడు. ఇన్ని ఉన్న చోట తీరిక ఉండకుండా ఎలా ఉంటుంది? ఆ తీరికతో ఏం చెయ్యాలో తోచక మేము ముగ్గురం ఎగ్జిబిషనుకి అభిమానులమయ్యాం. (సినిమా హీరోలకి అభిమానులుంటారు గాని ఎగ్జిబిషనుకేమిటని మీరు నవ్వకండి. హీరో తెరమీద కనిపిస్తాడు తప్ప మిమ్మల్ని తొట్టిలో కూర్చోబెట్టుకుని ఆకాశంలో తిప్పుతాడా?)

రెండో పంట దాళవా కోతలయ్యాక, ఏటా వేసవిలో ఒక కంపెనీ నరసాపురం వైపు నుంచి సామాను పంటు మీద వేసుకుని గోదావరి దాటి వచ్చేది. సఖినేటిపల్లి రేవు పక్కన కోసేసిన చేలో డేరాలు వేసేది. ఒక జెయింటు వీలు, రంగు వెలిసి ఏది గుర్రమో ఏది గాడిదో తెలియని రంగులరాట్నం, సన్నవాణ్ణి లావుగానూ లావువాణ్ణి నిలువుగానూ చూపించే అద్దాల గది, సబ్బుబిళ్లల మీదికి రింగులు విసిరే కొట్టు, అంతే. అది ఉన్నన్నాళ్లూ రోజూ వెళ్లి చూసేవాళ్లం. అది వెళ్లిపోయాక మిగిలిన ఏడాదంతా, వచ్చే ఏడు ఇంకా ఏమేం తెస్తుందో, ఎంత పెద్దదవుతుందో, ఏ గట్టు దాకా పాకుతుందో ఊహించేవాళ్లం. నిజం చెప్పాలంటే చూసిన ఎగ్జిబిషను కన్నా ఊహించినదే గొప్పగా ఉండేది. ఒక ఏడు మా లెక్క ప్రకారం దానికి ఏనుగు వచ్చింది, ఇంకో ఏడు కృత్రిమ జలపాతం వచ్చింది. ఆ రెండూ ఇప్పటికీ రేవు దాటలేదు.

మా ముగ్గురిలో నేను బి.ఏ. పరీక్షలు రాసి, ఫలితాల కోసం ఎదురుచూడటమే ఉద్యోగంగా పెట్టుకున్నవాణ్ణి. రెండోవాడు రేడియో. వార్త ఏదైనా జరగకముందే చెప్పడం వల్ల ఆ పేరొచ్చింది. మూడోవాడు ఇంజనీరు. వాడు చిన్నప్పుడు ఇంట్లో గోడగడియారం విప్పి మళ్లీ బిగిస్తే రెండు చక్రాలు మిగిలాయి. అయినా గడియారం నడిచింది. గడియారం కంపెనీవాళ్లు అనవసరంగా పెట్టిన చక్రాలు కనిపెట్టినవాణ్ణి ఇంజనీరనక ఏమంటారు?

ఆ వేసవిలో మేము రేవులో టీ కొట్టు బల్లమీద కూర్చుని ఉండగా కంపెనీ లారీ పంటు దిగింది. దాన్నిండా చెక్కలు! జానెడు వెడల్పు, మనిషికి రెండింతల పొడుగు, నల్లగా తారు పూసి, చివర్లలో బోల్టులకి కన్నాలున్న చెక్కలు. వాటి వెనకాల పొడుగాటి ఇనప కమ్మీలు. టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది ఇంజనీరుకి.

"స్లీపర్లురా," అన్నాడు, గుళ్లో మాట్లాడినంత మెల్లగా.

"అంటే?"

"పట్టాల కింద వేసేవి. నల్లచెక్కలు, పొడుగు కమ్మీలు. ఇంకా అర్థం కాలేదూ? బుల్లి రైలు తెస్తున్నారు!"

మేమంతా రైలు చూసినవాళ్లమే. అయితే నరసాపురం స్టేషనులో ప్లాట్‌ఫారం మీద నుంచి, ఎవరికో చెయ్యి ఊపుతూ చూసినవాళ్లం. రైలు పైభాగం గురించి మాకు తెలియనిది లేదు. కింద ఏముంటుందో ఒంగి చూసిన పాపాన పోలేదు. అందుకని ఇంజనీరు మాటే శాసనమైంది. అయినా ఖాయం చేసుకుందామని కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్లాం.

"ఏవండీ, ఈసారి కొత్తదేదో తెస్తున్నారట?" అన్నాడు రేడియో.

"చూస్తారుగదండీ," అన్నాడాయన, చుట్ట పక్కకి జరిపి నవ్వుతూ.

"రైలేనా అండీ?"

ఆయన ఇంకా పెద్దగా నవ్వాడు. మాకింకేం కావాలి? కాదనలేదు కనక అవునన్నట్టే.

మర్నాటికి రేడియో పని రేడియో చేసింది. రాజోలు నుంచి అంతర్వేది దాకా బుల్లి రైలు మాట పాకింది. మొదట ఆ రైలు చేను చుట్టూ తిరిగింది. మధ్యాహ్నానికి దానికో సొరంగం వచ్చింది. సాయంత్రమయ్యేసరికి అది చేను గట్టు దాటి, ఏటిగట్టు వెంబడి బయలుదేరింది. టీ కొట్టు దగ్గర నిలబడటానికి చోటు లేదు. ఏ ఊళ్లో ఆగాలన్న దగ్గర పేచీ మొదలైంది.

"మలికిపురంలో ఆగదని ఎవరండీ చెప్పింది?" అని ఒక పెద్దాయన పైపంచె దులిపి లేచాడు.

"నేను చెప్పలేదండి, దూరం లెక్కన..." అని నసిగాడు ఇంజనీరు.

"దూరం లెక్కేటండీ దూరం లెక్క! మావి మనుషుల ప్రాణాలు కావేటండీ? మా ఊరివాళ్లు రైలెక్కక్కర్లేదా?"

"అలాగేనండి, మీకో స్టేషను పడేస్తాను," అన్నాడు వాడు, జేబులోంచి తీసి ఇస్తున్నట్టు.

"మీరు చల్లగా ఉండాలండి," అని ఆయన మా అందరికీ టీ ఇప్పించాడు. (లేని రైలుకి లేని స్టేషను ఇచ్చి, ఉన్న టీ తాగిన ఘనత మాది.)

ఇంతవరకూ అయితే కథ నవ్వుతోనే పోయేది. కాని ఈ వార్త మా పెద్దమ్మ చెవిన పడింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. మా వీధి చివర్లో ఉండేది. చర్చిలో పాట ఎత్తుకుంటే హార్మోనియం వాయించే మాస్టారు ఆవిడని అందుకోవడానికి పరిగెత్తేవాడు. పామునైనా చేపాటి కర్రతో నెట్టేసే మనిషి. ఆవిడ భయపడేది లోకంలో ఒక్క రైలుకే. కూతురు, అంటే మా అక్క, పెళ్లయి ఖరగ్‌పూర్ వెళ్తుంటే నరసాపురం స్టేషనుకి సాగనంపడానికి వెళ్లింది. రైలు కదిలింది. "తోలేవాడేడిరా?" అని అడిగింది నన్ను. "ఎక్కడో ముందు ఉంటాడు పెద్దమ్మా," అన్నాను. "మొహం చూడని మనిషి చేతిలో పిల్లని పెట్టేమా!" అని అక్కడే కూలబడింది. పడవలో అయితే సరంగు కళ్లెదురుగా ఉంటాడు, బండిలో అయితే బండివాడి వీపైనా కనిపిస్తుంది. తోలేవాడి మొహం చూడకుండా ఏదీ ఎక్కనన్నది ఆవిడ నియమం.

ఇప్పుడు అక్కకి తొలి కాన్పు. పద్ధతి ప్రకారం పుట్టింటికి రావాలి. కాని అక్కడి డాక్టరమ్మ, కాళ్లకి నీరొచ్చింది, ప్రయాణం చెయ్యకూడదంది. బావకి అమ్మ లేదు, సెలవు లేదు. తల్లి వెళ్లకపోతే ఆ పిల్ల భాష తెలియని చోట ఒక్కత్తే కనాలి. నన్ను తోడిచ్చి పంపుతామని ఇంట్లో అందరూ బతిమాలుతున్నారు. పెద్దమ్మ పగలంతా ఆవకాయకి కాయలు తరుగుతూ, కొంగుతో కళ్లు తుడుచుకునేది. (కారం ఇంకా కలపలేదు కనక నెపం దానిమీద పెట్టడానికి వీల్లేదు.)

అటువంటి మనిషి ఆ రోజు నన్ను పిలిచి, "ఒరే, ఆ బుల్లి రైలు తోలేవాడు కనిపిస్తాడా?" అంది.

"కనిపించడమేంటి పెద్దమ్మా! మనకి జానెడు దూరంలో కూర్చుంటాడు. కావాలంటే భుజం మీద తట్టొచ్చు," అన్నాను. ఆ రైలు నేను డిజైను చేసినట్టే చెప్పాను.

ఆవిడ కత్తిపీట పక్కన పెట్టింది. "అయితే దాన్లో ఎక్కి చూస్తాను. గుండె నిలబడితే పిల్ల దగ్గరికి వెళ్తాను. నిలబడకపోతే ఇంక నన్నెవరూ అడగొద్దు."

అంటే అక్క కాన్పు మా ముగ్గురి ఊహ మీద ఆధారపడిందన్న మాట.

ఎగ్జిబిషను తెరిచిన సాయంత్రం పెద్దమ్మ ఆదివారం చీర కట్టుకుని నాతో వచ్చింది. రేడియో, ఇంజనీరు ముందు నడుస్తూ జనాన్ని తప్పిస్తున్నారు, స్టేషను మాస్టర్లలాగ. గేటు లోపలికి అడుగుపెట్టి చూద్దుము కదా, పట్టాల్లేవు, ఇంజను లేదు, సొరంగం లేదు. ఆ నల్లచెక్కలన్నీ నిలువుగా నిలబడి, ఇనప కమ్మీలు నడుముకి చుట్టుకుని, పెద్ద గుండ్రటి బావిలాగ తయారయ్యాయి. దాని లోపల ఒకడు మోటారు సైకిలు మీద గోడ వెంబడి గిరగిరా తిరుగుతున్నాడు. మృత్యుకూపమట!

ఇంజనీరు చాలాసేపు చూసి, "ఇది గుండ్రటి ప్లాట్‌ఫారం అయ్యుండొచ్చు," అన్నాడు. వాడి ధైర్యానికి ఇప్పటికీ దణ్ణం పెట్టాలి.

"ఇదేనా మీ రైలు?" అంది పెద్దమ్మ. తిట్టలేదు. తిట్టినా బావుండేది. చీర కుచ్చిళ్లు సర్దుకుని గేటు వైపు తిరిగింది. ఆ తిరగడంలో ఖరగ్‌పూర్ ఇంకో వెయ్యి మైళ్లు దూరం జరిగిపోయింది.

నాకు ఏమీ తోచక, "పెద్దమ్మా, పోనీ జెయింటు వీలు! దాన్ని తోలేవాడు కనిపిస్తాడు. అడుగో!" అన్నాను. ఆయిలింజను పక్కన, బనీను వేసుకున్న కుర్రాడు నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ ఆగింది. దగ్గరికి వెళ్లి వాడి మొహాన్ని వధువుని చూడ్డానికొచ్చిన అత్తగారిలాగ పరకాయించింది.

"ఏ ఊరు బాబూ మీది?"

"తునండి."

"అన్నం తిన్నావా?"

"ఆయ్."

"కళ్లు తిరుగుతాయా నీకు?"

"నేను కిందే ఉంటాగదండీ!"

సమాధానాలు నచ్చాయి కాబోలు, ఎక్కింది. పక్కన నేనెక్కాల్సి వచ్చింది. ఇక్కడ పాఠకులకి ఒక సంగతి విన్నవించుకోవాలి. ఎగ్జిబిషనుకి నేను మహా అభిమానినే గాని, జెయింటు వీలుని ఎప్పుడూ కింద నుంచే అభిమానించాను.

చక్రం తిరిగింది. ఒక చుట్టు, రెండు చుట్లు. పెద్దమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది, నేను ఆవిడ కన్నా గట్టిగా మూసుకున్నాను. మూడో చుట్టులో మా తొట్టి సరిగ్గా నడినెత్తికి చేరగానే ఆయిలింజను టపటపలు తగ్గి, దగ్గి, ఆగిపోయింది. ఒంటికన్ను తెరిచి కిందికి చూశాను. తుని కుర్రాడు ఖాళీ డబ్బా పట్టుకుని డీజిలు కోసం పరుగెడుతున్నాడు.

"తోలేవాడేడిరా?" అంది పెద్దమ్మ.

"లే... లేడు పెద్దమ్మా."

నా చేతులు అడ్డకమ్మీని పట్టుకున్నాయో, అడ్డకమ్మీ నా చేతుల్ని పట్టుకుందో తెలియదు. ప్రాణం పోయేటప్పుడు చెయ్యవలసిన ప్రార్థన కోసం వెతుక్కుంటే, నోటికి వచ్చింది ఒక్కటే. దాన్నే గట్టిగా ఎత్తుకున్నాను.

"అది అన్నం ముందు చేసే ప్రార్థనరా వెధవా!" అంది పెద్దమ్మ. ఆ కోపంలో కళ్లు తెరిచింది.

తెరిచి, కిందికి చూసింది. గాలికి తొట్టి ఊగుతోంది. మా చుట్టూ కింద కొబ్బరిచెట్ల నెత్తులు, పచ్చటి నక్షత్రాలు పరిచినట్టు. "పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వీటి కింద తిరుగుతున్నాను, పైన ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదేమిరా," అంది. ఆ పైన గోదావరి. గోదావరికి అవతల చెట్ల మధ్య నల్లటి పొగ.

"అదేమిటది?"

నేను కనురెప్ప సందులోంచి చూశాను. "రైలు పెద్దమ్మా. నరసాపురంలోంచి బయలుదేరింది."

పెద్దమ్మ మెడ సాచి చూసింది. రోకలిబండ పురుగంత ఉంది. పాకుతోంది. కాసేపు కొబ్బరితోపుల్లో దూరింది, మళ్లీ బయటికి వచ్చింది, బుద్ధిగా తన దారిన తాను పోయింది.

"అంతేనా!" అంది పెద్దమ్మ. ఇంకా కాసేపు ఆలోచించి, "ఇక్కడ మనం ఆకాశంలో వేళ్లాడుతున్నాం, తోలేవాడు లేడు, పక్కనేమో నువ్వు. అయినా నాకేం కాలేదు. అది నేలమీద పోయేదేగా," అంది.

డీజిలు వచ్చి మేము కిందికి దిగాక, నన్ను జబ్బ పుచ్చుకుని నడిపించింది ఆవిడే. రేడియో ఎదురొచ్చి, "భయమేసిందా అండీ?" అని ఆవిణ్ణి అడగబోయి, నా మొహం చూసి మానేశాడు. పెద్దమ్మ తుని కుర్రాడి దగ్గర ఆగి, "మళ్లీ అన్నం తిను నాయనా, పరుగెత్తేవు," అని చెప్పి, నా వైపు తిరిగింది. "ఖరగ్‌పూర్‌కి టిక్కెట్లు ఎక్కడిస్తార్రా?"

మేము వెళ్లేసరికి అక్కకి ఇంకా నెప్పులు రాలేదు. ఆవకాయ జాడీ పుచ్చుకుని గుమ్మంలో నిలబడ్డ తల్లిని చూసి అక్క నవ్విందో ఏడ్చిందో చెప్పడం నాకు చేతకాదు, రెండూ ఒకేసారి చేసింది. ఆడపిల్ల పుట్టింది. పెద్దమ్మ ఆ తర్వాత ఏటా రైలెక్కేది, నేను తోడు వస్తానంటే, "నువ్వొద్దులేరా, నిన్ను చూసుకోవడమే పని," అనేది.

ఇప్పుడు మా పిల్లలు నన్ను పెద్ద ఊళ్లలో పెద్ద పెద్ద పార్కులకి తీసుకెళ్తుంటారు. వాళ్లు తలకిందులుగా తిరిగి కేకలు వేస్తుంటే నేను కింద బెంచీ మీద వాళ్ల చెప్పులకి కాపలా ఉంటాను. ప్రతి బెంచీ మీదా నావంటి చెప్పుల కాపలాదారు ఒకాయన ఉండనే ఉంటాడు. మొన్న ఒకాయనకి గోడ అవతల ఖాళీ జాగా చూపించి, "వచ్చే ఏడు అక్కడ దాకా పెంచుతారండి, పెద్ద సరస్సు తవ్వుతారు, పడవలు దింపుతారు," అన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని ఆ జాగా కేసి చాలాసేపు చూశాడు.

"పడవలే అంటారా?" అన్నాడు, కాస్త దగ్గరికి జరిగి. "అంత జాగా ఉంటే ఓడ పట్టదేటండీ?"

ఇద్దరం చెప్పులు ఒళ్లో పెట్టుకుని, ఆ ఓడ ఎటు నుంచి వస్తుందో చూస్తూ కూర్చున్నాం.