మెదడు ఫొటో, కాలి పట్టీలు

2023 వానాకాలం. మేడ్చల్ రోడ్డు మీద ఉన్న స్కానింగ్ సెంటర్లో నేను ఆయాగా చేరి అప్పటికి తొమ్మిదేళ్లు. మా ఆయన పోయాక మా ఊరు రావల్కోల్ నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చి ఈ పని చేస్తున్నాను. నా చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

నా పని ఎంఆర్‌ఐ గది బయట. ఆ మిషన్ పెద్ద అయస్కాంతం. లోపలికి పోయేవాళ్ల ఒంటి మీద పిన్నీసు కూడా ఉండకూడదు. గొలుసులు, మెట్టెలు, మొలతాడుకున్న తాయెత్తు, అన్నీ తీయించి డబ్బాలో పెట్టి, గౌను తొడిగించి పంపుతాను.

ఆ ఏడాది ఒక డాక్టరమ్మ ఆటిజం ఉన్న పిల్లల మెదడు ఫొటోల కోసం మా దగ్గర ఆదివారాలు తీసుకుంది. ఆటిజం అందరిలో ఒక్క తీరుగా ఉండదట. ఒకరు గడగడా మాట్లాడతారు, ఒకరు నోరే విప్పరు. ఆ తేడా మెదడులో ఎక్కడుందో చూడాలని ఆమె పట్టుదల. ఒక్క పిల్ల ఫొటోతో ఏమీ తెలియదు, చాలామందివి పక్కపక్కన పెట్టి చూడాలి అనేది. పరిశోధన కాబట్టి మత్తు ఇవ్వరు. పిల్ల తనంతట తానే కదలకుండా పడుకోవాలి. ఆ పడుకోబెట్టడంలోనే మా అందరి ప్రాణం విసిగిపోయేది.

పేట్ బషీరాబాద్ నుంచి ప్రసన్న అనే ఆమె తన కూతురు హాసినిని తెచ్చింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. పిల్లకు పదేళ్లు, మాటలు లేవు. మొదటి ఆదివారం గౌను తొడిగాక గడప దాటలేదు. రెండో ఆదివారం ఎత్తుకుపోయి బల్ల మీద పడుకోబెట్టి హెడ్ కాయిల్, అంటే తల మీద బోర్లించే బోను, పెట్టేసరికి కాళ్లు టపటపా కొట్టింది. మిషన్ చేసే పెద్ద చప్పుడుకు భయమన్నాడు టెక్నీషియన్ సతీష్. ఆ చప్పుడు ఫోన్లో పెడితే పిల్ల హాయిగా అన్నం తింటుందని తల్లి అంటుంది. ఎవరి మాట నమ్మాలి? నాకు ఇద్దరి మీదా చిరాకే.

ఈసారి కూడా కాకపోతే పేరు తీసేయాల్సి వస్తుందని మూడో ఆదివారం డాక్టరమ్మ ముందే చెప్పింది.

"స్కూల్లో తీసేశారు. ఇక్కడా తీసేస్తారా మేడం?" అంది ప్రసన్న. "పడుకోగలిగిన పిల్లలకే ఫొటో తీస్తే, మా పిల్లలాంటి వాళ్ల సంగతి మీకెలా తెలుస్తుందండీ?"

డాక్టరమ్మ చేతిలోని పేర్ల కాగితాలు తిరగేసింది.

నేను ఎప్పటిలాగే పిల్ల వెండి పట్టీల మీద చేయి వేశాను. కొక్కెం తీస్తుండగానే కాళ్లు కొట్టుకోవడం మొదలైంది. మిషన్ ఇంకా గోడ అవతలే ఉంది. నా చేయి ఆగింది.

"గీ పట్టీలు ఇంట్ల ఎప్పుడన్న ఇప్పుతవా అమ్మా?"

"లేదు ఆయమ్మా. పసిపిల్లప్పటి నుంచీ ఉన్నాయి. సైజు మార్చేటప్పుడు కూడా ఒకటి తీస్తూ ఒకటి వేస్తాం. అవి లేకపోతే అడుగే వేయదు."

"మరి గా ముచ్చట మొదలే చెప్పొద్దా?"

"ఎవరడిగారండీ? నగలు తీయమని ఫారంలో ఉంది, తీయించాం."

నిజమే, ఎవరూ అడగలేదు. రెండు ఆదివారాలు పిల్లను సతాయించింది నేను. విసుక్కున్నది మాత్రం సతీష్ మీద.

బ్యాండేజీ గుడ్డ తెచ్చాను. ఒక పట్టీ తీసిన వెంటనే అక్కడే బిగుతుగా నాలుగు చుట్లు చుట్టాను. తర్వాత రెండోది. పిల్ల వంగి వేలితో నొక్కి చూసుకుంది. ఊరుకుంది.

"గిదేంది ఆయమ్మా, కాళ్లకు దెబ్బ తాకిందా?" అన్నాడు సతీష్.

"నూలు గుడ్డనే కద. ఇనుము లేదు, వెండి లేదు. నీ మిషనుకేం నొప్పి? జల్దీ కానీ."

పిల్ల తన కాళ్లతో నడిచి లోపలికి పోయింది. తీయాల్సిన రెండు ఫొటోల్లో మొదటిది అయ్యేదాకా పడుకుంది. రెండోది సగంలో ఉండగా లేచి కూర్చుంది, అది చెదిరిపోయింది.

"సగమే అయింది మేడం. పేరు కొట్టేయాల్నా?" అన్నాడు సతీష్.

"ఉంచు. రెండోది ఇంకో ఆదివారం తీద్దాం" అంది డాక్టరమ్మ. ప్రసన్న కుర్చీలో కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

వాళ్లు వెళ్లాక డాక్టరమ్మ నన్ను పిలిచింది. "ఒకటి రెండుసార్లు వచ్చి, ఇక రాకుండా పోయిన పిల్లలు ఎందరు ఆయమ్మా?"

నలుగురైదుగురి ముఖాలు గుర్తొచ్చాయి. వాళ్ల ఒంటి మీద నుంచి నేనేం తీశానో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. ఇప్పుడు దేని మీద చేయి వేయబోయినా ముందు తల్లిని అడుగుతాను, ఇది తీస్తే పిల్ల ఏం చేస్తుందని.