ముత్యమ్మ గీసిన ఊరు

ముగ్గు వెయ్యడంలో ముత్యమ్మ చేతికి తిరుగులేదు. పటాన్‌చెరు దాటి కర్దనూర్ దిక్కు మళ్లితే, ఫ్యాక్టరీ గోడల వెనక నక్కినట్టుండే చిన్న ఊరు వాళ్లది. ఆ ఊళ్లో పెళ్లి ఎవరింట్లో జరిగినా వాకిలి మాత్రం ముత్యమ్మదే. పటేళ్లు ఆమెను గడప దాటనిచ్చేవాళ్లు కాదు గానీ, ముగ్గు అవసరం పడితే మనిషిని పంపి మరీ పిలిపించుకునేవాళ్లు. ఒళ్లు మండే సంగతే ఇది. కానీ ముత్యమ్మకు మండేది కాదు, ఆమెకు ముగ్గంటే అంత ఇష్టం.

నాట్లకూ కలుపుకూ పోయి బతికిన మనిషి. పొలాలన్నీ ఫ్యాక్టరీల పాలయ్యాక మందుల కంపెనీలో ఊడ్చే పనికి కుదిరింది. పెనిమిటి సంగయ్య అక్కడే డ్రమ్ములు దించేవాడు. ఫ్యాక్టరీలు వచ్చిన కొన్నేళ్లకు ఊరి బావులు ఒక్కొక్కటే ఎర్రబారాయి. ఆ నీళ్లే కాచుకుని తాగారు, ఇంకేం చేస్తారు? ముత్యమ్మ పెద్దబిడ్డ యాదమ్మకు ఏడేళ్లప్పుడు వాంతులు పట్టుకున్నాయి. పట్నం తీసుకుపోతుంటే ఆటోలోనే, తల్లి ఒళ్లోనే పోయింది. నీళ్లవల్లేనని ఎవరూ రాసివ్వలేదు. కాదని ముత్యమ్మ మొహం చూసి చెప్పే ధైర్యం కూడా ఎవరికీ లేకపోయింది. తమ వాడకు ఉత్తరాన ఉన్న బొందలగడ్డలో పిల్లను పూడ్చి, గుర్తుకు ఒక రాయి పెట్టారు. పనికి పోతూ వస్తూ ముత్యమ్మ ఆ రాయి దగ్గర కాసేపు ఆగేది.

ఆఫీసులకు అప్పుడప్పుడు జనం గుర్తొస్తారు. అట్లా గుర్తొచ్చిన ఒక ఎండాకాలం, తొంభై ఎనిమిదిలో, సంగారెడ్డి నుంచి జీపు వచ్చింది. అందులోంచి దిగిన ఆఫీసరు నరసరాజు కోస్తా మనిషి, మెత్తని మాట. పంచాయతీ ముందు ఊరందరినీ కూర్చోబెట్టి కొబ్బరికాయ కొట్టించాడు.

"మీ ఊరి ప్లాన్ మేం గీయమండీ. మీరే గీయాలి. ఎక్కడ ఏముందో, ఏం కావాలో మీకంటే ఎవరికి తెలుసు?" అన్నాడు.

మగవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి సర్పంచి వెంకటేశం పటేలే అన్నాడు, "మా ముత్తెమ్మను పిలువుండ్రి సార్. నేల మీద ఏమన్న గీయాలంటే ఆమెనే గీయాలె."

నీళ్లు చల్లి అలికిన నేల మీద ముత్యమ్మ ఊరును ముగ్గుతో దించింది. రోడ్లు, పటేళ్ల ఇండ్లు, వాడ, బడి, చెరువు. చెడిపోయిన బావులకు ఇటుకపొడి చల్లింది. బాగున్న బావికి పసుపు వెయ్యాలని చిటికెడు తీసుకుని, ఎక్కడ వెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడింది. నవ్విన వాళ్లు నవ్వారు, కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఊరికి నీళ్ల ట్యాంకు కావాలని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు.

వాడకు ఉత్తరాన మాత్రం ఆమె చెయ్యి ఆగింది. చావు జరిగిన ఇంటి ముందే దినాలు అయ్యేదాకా ముగ్గు పడదు. అట్లాంటిది బొందలగడ్డ మీద ముగ్గు ఎవరు వేస్తారు? ఆ జాగాను ఆమె వట్టిగా వదిలేసింది.

నరసరాజు వంగి చూశాడు. "ఇక్కడేముందమ్మా?"

కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టిన మంచిపని. అందులో కూర్చుని ఆ జాగా పేరు ఎత్తడం ఎట్లా?

"ఆడ ఏం లేదు సార్," అన్నది ముత్యమ్మ.

ఊరంతా విన్నది. ఏముందో ఊరందరికీ తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు, విప్పకూడదని కూడా అందరికీ తెలుసు. తెలియనిది నరసరాజు ఒక్కడికే. ముగ్గును చార్టు మీదికి ఎక్కించుకుని, ఆ చోట 'ఖాళీ స్థలం' అని రాసుకున్నాడు. అందరి చేతా చప్పట్లు కొట్టించి వెళ్లిపోయాడు.

ఏడాది తిరిగింది. ఒకరోజు ముత్యమ్మ కంపెనీలో ఊడుస్తుంటే పక్కింటి ఆగమ్మ గేటు దగ్గరికి రొప్పుతూ వచ్చింది. "బొందలగడ్డల పొక్లెయిన్ దిగింది చెల్లే. జల్దీ రా," అన్నది.

చీపురు అక్కడే పడేసి పరుగెత్తింది. బొందలగడ్డ నాలుగు మూలలా సున్నం గీతలు పడి ఉన్నాయి. యాదమ్మ రాయి ఇంకా కదల్లేదు. కాంట్రాక్టరు కాగితం చూపించాడు. జాగా సర్కారుది, ఎత్తు మీద ఉంది, ఖాళీగా ఉంది, ట్యాంకుకు ఇంతకంటే ఏం కావాలి? "మీ ఊరోళ్లు ఇచ్చిన ప్లానే ఇది," అన్నాడు.

ముత్యమ్మ వెంకటేశం పటేలు ఇంటికి పోయింది.

"నువ్వే గదనే ఏం లేదన్నది. నేనన్ననా?" అన్నాడాయన. పటేళ్లు తమ వాళ్లను తమకు మిగిలిన మెట్ట చెలకల్లోనే దహనం చేసుకుంటారు. ఆయనకు పోయేదేముంది?

వాడలో కూడా నలుగురు ఆమెనే ఆడిపోసుకున్నారు. సంగయ్య ఒక్కరోజు నాగా పెట్టి ఆమెను సంగారెడ్డి తీసుకుపోయాడు. విషయం విన్న నరసరాజు చార్టు తీసి, 'ఖాళీ స్థలం' అని తను రాసిన చోట వేలు పెట్టాడు. పాపం, మంచివాడే. మంచివాడు కావడం వల్ల ఒరిగిందేమీ లేదు.

"నేను అడిగాను కదమ్మా," అన్నాడు చివరికి. "ఇప్పుడు చోటు మారిస్తే మార్చి లోపల పని కాదు. ట్యాంకు వేరే ఊరికి పోతుంది. మీ ఊరివాళ్లంతా వద్దంటే ఆపిస్తాను. వచ్చి అందరినీ అడుగుతాను."

అన్నట్టే వచ్చాడు. మళ్లీ అదే పంచాయతీ ముందు అందరూ కూర్చున్నారు. నీళ్ల ట్యాంకర్ అప్పుడు రెండు రోజులకోసారి వచ్చేది, వస్తే బిందెల కొట్లాట. పిల్లల ఒంటి నిండా పుండ్లు. ముత్యమ్మ ఒళ్లో కూర్చున్న కొడుకు, చిన్నోడు, మోచేతులు గోక్కుంటూనే ఉన్నాడు, ఆమె వాడి చేతులు పట్టుకునే ఉంది.

"ట్యాంకు అక్కడే కట్టమనేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు నరసరాజు.

పటేళ్ల చేతులు ముందు లేచాయి. తర్వాత వాడ చేతులు. ఆగమ్మ మనుమడు కూడా ఆ గడ్డలోనే ఉన్నాడు, ఆగమ్మ తల వంచుకుని చెయ్యెత్తింది. సంగయ్య భార్య వైపు చూశాడు. ముత్యమ్మ చిన్నోడి చేతులు వదిలింది. అందరికంటే ఆలస్యంగా ఆమె చెయ్యి లేచింది. లేవలేదని ఎంత చెప్పుకోవాలనున్నా, లేచింది.

కాంట్రాక్టరు ఒక పూట టైమిచ్చాడు. అప్పటికే యంత్రం అటూ ఇటూ తిరిగి నేల చదునై, రాళ్లన్నీ చెల్లాచెదురయ్యాయి. ఎవరి గుర్తు ఎక్కడుందో తెలియలేదు. సంగయ్య గడ్డపారతో తవ్వుకుంటూ పోయాడు. చిన్న ఎముకలు కొన్ని దొరికాయి. ముత్యమ్మ వాటిని కొంగులో వేసుకుంది. ఆగమ్మ దగ్గరికి వచ్చి చూసి, "మా పోరనివి గావచ్చు చెల్లే," అన్నది మెల్లగా. కావచ్చు, కాకపోవచ్చు. ఇద్దరూ ఏడ్చారు. ఆ ఎముకలను నీళ్లు తగ్గిన చెరువు శిఖంలో ఒక్క గుంతలో పెట్టారు. వానకాలం రాగానే ఫ్యాక్టరీ నీళ్లు దాని మీదికి ఎక్కాయి.

ట్యాంకు లేచింది. దాని పక్కనే బోరు వేశారు. నల్లా విప్పిన మొదటి రోజు చిన్నోడు రెండు గ్లాసులు తాగాడు. వాడు తాగుతుంటే ముత్యమ్మ కళ్లార్పకుండా చూసింది, తను మాత్రం ఒక్క గుటక కూడా మింగలేకపోయింది. అయినా ఆ రోజు తను చేసింది తప్పని ఆమెకు అనిపించలేదు. పిల్లవాడు తాగాడు, అంతే చాలనుకుంది. ఆ సంతోషం రెండో ఎండాకాలం దాకా ఉంది. తర్వాత ఆ బోరు నీళ్లు కూడా ఎర్రబారాయి.

ముత్యమ్మ బిందె నింపి, వాసన చూసి, అక్కడే కూలబడింది. "ఈ నీళ్ల కోసమేనా అయ్యా నా బిడ్డను తవ్విచ్చుకున్న," అన్నది. సంగయ్య బిందె ఒంపేసి ఆమెను లేపాడు. నరసరాజుకు అప్పటికే బదిలీ అయింది. ఉన్నా ఏం చెప్పేవాడు?

ట్యాంకర్ మళ్లీ రెండు రోజులకోసారి వస్తోంది. వచ్చి ట్యాంకు కిందనే ఆగుతుంది, అక్కడైతే డ్రైవరుకు నీడ ఉంటుందని. బిందెల వరుస మాత్రం ఎండలోకి సాగుతుంది. ముత్యమ్మ వరుసలోకి రాగానే చెప్పులు విప్పి పక్కన పెడుతుంది.

"కాళ్లు గాలుతయి, తొడుక్కో చెల్లే," అన్నది ఒకరోజు ఆగమ్మ.

"యాడ పండుకున్నదో తెల్వదు గదక్కా," అన్నది ముత్యమ్మ.