హేరంబ సమాద్దార్ పదంకెలు

శ్రీరాంపూర్‌లో మా వీధి చివరి ఇల్లు హేరంబ సమాద్దార్‌ది. బళ్లో ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పాడు. ఒక్క పిల్లవాడి పేరూ గుర్తు పెట్టుకోలేదు.

మనుషుల్ని సంఖ్యల్లా విడదీసేవాడు. చేపలమ్మే నిమాయి లోపసంఖ్య. "వాణ్ని మినహాయించి వాడి భాజకాలన్నీ కూడినా వాడంత కావు," అనేవాడు. తాను మాత్రం ప్రధాన సంఖ్య. ఒకటితో, తనతో తప్ప దేనితోనూ భాగం కాడు. అలాంటి సంఖ్యకు తనను మినహాయిస్తే మిగిలే భాజకం ఒకటే కనుక అన్నిటికన్నా లోపం దానికే. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మెట్రిక్ రోల్ నంబరూ రిజిస్ట్రేషన్ నంబరూ పక్కపక్కన రాసి 1868475703 అనే సంఖ్య చేసుకున్నాడు. అది ప్రధాన సంఖ్యేనని తేల్చాలంటే నలభై మూడు వేల పైచిలుకు దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. రోజుకొకటి. భాగించింది ఆయన కాదు. భర్త పోయి అన్న పంచన చేరిన చెల్లెలు సుహాసిని. వంటయ్యాక పీట మీద కూర్చుని పన్నెండేళ్లు భాగించింది. ఆయన మరమరాలు నములుతూ కింద సంతకం పెట్టాడు.

లెక్క ముగిసిందని తెలిసి, గ్రంథాలయం మెట్ల పక్క గోడకు పాలరాతి పలక వేయిద్దామని వీధివాళ్లు అనుకున్నారు. కార్యదర్శి నందదులాల్ కొలతల కాగితం పట్టుకొచ్చాడు. నేనూ వెళ్లాను, టీ దొరుకుతుందని.

"మాస్టర్‌మొశాయ్, సంఖ్య కింద ప్రధాన సంఖ్య అని చెక్కించమంటారా?"

"చెక్కించు. అక్షరాలు సన్నగా ఉండకూడదు."

సుహాసిని కప్పులు దించింది. "అది వద్దు నందో. 19937తో పోతుంది."

"పొయ్యి దగ్గరకెళ్లు," అన్నాడాయన.

"ఏడో ఏడు, దుర్గాష్టమి రోజున చేశాను దాదా. శేషం సున్నా. నీకు చూపించాను. పొగకి నా కళ్లు మసకేశాయని కాగితం చింపావు. మిగతా ఆరేళ్లూ నాతో ఎందుకు చేయించావు?"

ఆయన మరమరాల గిన్నె దగ్గరకు లాక్కున్నాడు.

"భాగఫలం 93719. అవే ఐదంకెలు, ముందువి వెనక్కి జరిగాయంతే. ఒక్కొక్కటే జరుపుతూ పోతే ఐదు సంఖ్యలొస్తాయి. ఐదూ ప్రధాన సంఖ్యలే, నేనే చేసి చూసుకున్నాను. నీ సంఖ్యలో చూడదగ్గది అదొక్కటే. దాన్నే చింపావు."

నందదులాల్ కొలతల కాగితం వెనక పెన్సిల్‌తో గుణించాడు. రెండోసారీ గుణించాడు. పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు.

"సంఖ్య ఒక్కటే చెక్కించు. పైన నా పేరు," అన్నాడు హేరంబ సమాద్దార్. "కింద ఏమీ వద్దు."

చెల్లెలి వైపు చూడలేదు. టీ మాత్రం తాగాడు.

పలక వేశారు. మర్నాడు పొద్దున నిమాయి దాని కింద బుట్ట దించాడు. సుహాసిని చేప కొనడానికొచ్చింది; వీధివాళ్లందరికీ ఆమె పిషీ, అంటే మేనత్త.

"పిషీ, ఇదెవరి ఫోన్ నంబరు?"

"మా దాదాది. మోగదులే."

అన్న కోసం ఎప్పుడూ కొవ్వున్న పొట్ట ముక్క ఏరేది. ఆ రోజు ముళ్లుండే తోక ముక్క చూపించి, అది తూచమంది.