బొట్టు పెట్టినా పోని పెళ్లి, అడగకుండా దిగిన యుద్ధం

నాకు అక్షరాలు వచ్చింది మనవలు పుట్టాకే. అప్పటినుంచి ఎవరి పుస్తకం కనబడినా వదలను. కోడలు దీన్ని రోగం అంటుంది.

మొన్న వానాకాలంలో మనవరాలు సాంఘికశాస్త్రం ముందేసుకుని ఏడుస్తోంది. మన దేశం రెండో ప్రపంచ యుద్ధంలోకి ఎట్లా దిగిందో తెల్లారి క్లాసులో నిలబడి చెప్పాలట. చెప్పకపోతే తండ్రిని పిలిపిస్తానన్నాడు సారు. తండ్రంటే నా కొడుకే. వాడు అరిస్తే లింగాల ఘనపూర్ దాకా వినబడుతుంది.

వేలు పెట్టి చదివాను. జర్మనీ పోలండ్ మీద పడింది. ఇంగ్లండు జర్మనీతో యుద్ధమంది. ఢిల్లీలో ఉన్న వైస్రాయి మన నాయకులను ఒక్కమాట అడగకుండా, భారతదేశం కూడా యుద్ధంలో ఉందని ప్రకటించాడు.

"గిదానికా ఏడ్సుడు?"

"అడగకుంట ఎట్ల అంటడు నాయినమ్మా?"

"మీ తాత అనలేదా? గట్లనే."

మా దిక్కు పెళ్లికి ఇంటింటికీ పోయి ఆడవాళ్లకు బొట్టు పెట్టి పిలుస్తారు. పెట్టని ఇల్లు గడప దాటదు. ఒకసారి పక్క వాడకట్టులో పెళ్లయితే మాకు పెట్టారు, మా పాలివాళ్ల ఇంటికి, అంటే దాయాదుల ఇంటికి మరిచారు. పాలాయన మండిపడ్డాడు. మా ఆయన నలుగురిలో లేచి, "మా ఇంట్లకెల్లి గూడ ఎవ్వరు పోరు" అనేశాడు. అప్పటికే నేను పట్టుచీర కట్టి, కొప్పులో పూలు పెట్టుకుని ఉన్నాను. అక్కడ మేకపోతు కూర ఉడుకుతోంది. మేం పచ్చిపులుసు తిన్నాం. ఇదంతా మనవరాలికి చెప్పాను.

"పాలాయన ఇంగ్లండు. తాత వైస్రాయి. మరి ఇండియా?"

"నేనే. పట్టుచీర కట్టుకోని కూసున్న."

మనవరాలు కళ్లు తుడుచుకుంది. తెల్లారి జంకకుండా చెప్పిందట. క్లాసంతా నవ్విందట, సారుతో సహా. తర్వాత ఆయన, "మరి అడగనందుకు మనోళ్లేం జేసిన్రు?" అని అడిగాడు.

"పచ్చిపులుసు తిన్నరు సార్" అందట ఇది.

నేను పేజీ తిప్పలేదు, అదీ జరిగింది. వెనక పేజీలో రాసే ఉంది: అడగకుండా యుద్ధంలోకి దింపినందుకు చాలా రాష్ట్రాల్లో మన మంత్రులు రాజీనామా చేశారని.

సాయంత్రం అది బడి నుంచి వచ్చేదాకా నేను వాకిట్లోనే నిలబడ్డాను.

"నాయినను పిలిచిండా?"

"పిలువలే. సగం వచ్చిందన్నడు. మిగిలిన సగం సోమారం చెప్పాలె." పుస్తకం నా చేతుల్లో పడేసింది. "ఈసారి తాతను తేకు."

"రాజీనామ పాఠంల మీ తాతకేం పని? ఆయిన జిందగీల దేనికి రాజీనామ చేసిండని!" అని, వేలు పెట్టి మొదటి మాట నుంచి మొదలుపెట్టాను.