వరండా బోర్డు అడగని ప్రశ్న

ఒక మనిషిని అడగాల్సిన ప్రశ్న అడగకుండా ఊరుకోవడం మర్యాదా, లేక నీ జవాబు మాకక్కర్లేదని చెప్పడమా? ఏళ్లుగా నన్ను వదలని ఈ సందేహం, బోయిన్‌పల్లిలో ఒకప్పటి మా పక్కింటి ఆపా పోయిందన్న కబురు విన్నప్పటి నుంచి మరీ తొలుస్తోంది. ఆమె ముస్లిం, మేము క్రైస్తవులం. నాకంటే కాస్త పెద్దది కనక, అక్కను వాళ్లింట్లో పిలిచే మాటతోనే ఆపా అన్నాను.

నిజాం రాజ్యంపై పోలీసు చర్య జరిగాక సర్కారు దఫ్తర్లు, బడులు ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారసాగాయి. సికింద్రాబాద్‌లో ఒక బాలికల బడిలో టీచరు పని ఖాళీ ఉందంటే ఆపా, నేను, తిరుమలగిరి నుంచి వచ్చే మా స్నేహితురాలు ముగ్గురం దరఖాస్తు పెట్టాం. నేను మద్రాసులో ఇంగ్లీషులో చదివాను. ఆపా బి.ఏ. అంతా ఉర్దూలోనే. ఇంటర్వ్యూ అంటే మాత్రం ముగ్గురికీ భయమే.

"భయం పోవాలంటే మనమే బోర్డు పెట్టుకుందం" అంది ఆపా.

అలా ఆదివారాలు, నేను చర్చి నుంచి రాగానే, వాళ్ల వరండాలో ఉత్తుత్తి ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. బల్ల వెనక రెండు కుర్చీలు బోర్డుకు, ఎదురుగా స్టూలు అభ్యర్థికి. బోర్డు వంతు వస్తే ఆపా వాళ్ల నాన్న కళ్లజోడు పెట్టుకునేది. దానితో ఆమెకు ఏమీ కనిపించేది కాదు.

"నీ పేరేందమ్మా?"

"ఆపా, నా పేరు నీకు తెలీదూ?"

"ఆపా ఎవరు? నేను చైర్మన్‌ను. సర్ అను, లేకుంటే బయటికి నడువు."

నవ్వులయ్యాక చెప్పేది: "తెల్వకుంటే తెల్వదని చెప్పు. అబద్ధమాడితే ముందుగాల చేతులే చెప్తయి." నా చేతులప్పుడు కొంగు నలుపుతుండేవి.

చివరి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "మీవాళ్లు అవతల ఉన్నరు గద. రేపు పిలిస్తే పోతవా, ఈడనే ఉంటవా?"

"మావాళ్లు బందర్లో ఉన్నారు సర్. క్రిస్మస్‌కి వెళ్లి కేకు తిని వచ్చేస్తాను" అన్నానొకసారి. తిరుమలగిరి పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. ఆపా కూడా నవ్వింది. ఆ ప్రశ్న మా ఇద్దరినీ ఎవరూ అడగరని ముగ్గురికీ తెలుసు. పాకిస్తాన్ వెళ్లిపోయింది ఆపా వాళ్ల అన్న.

ఆపా స్టూలు మీద కూర్చున్నప్పుడు భూగోళం అడిగాం, వ్యాకరణం అడిగాం. ఆ ఒక్కటీ అడగలేదు.

"గింతేనా? ఇంకేం అడగరా?" అంటూ మా ఇద్దరి ముఖాలూ చూసేది.

"చాల్లే ఆపా, టీ చల్లారిపోతోంది" అనేవాళ్లం.

అసలు ఇంటర్వ్యూ రోజున ఆమె లోపలికి వెళ్లి అంతలోనే బయటికొచ్చింది.

"ఏమడిగారు?" అన్నాను.

"పేరు. అబ్బాజాన్ పేరు. ఇగ పొమ్మన్నరు."

"అది అడగలేదా?"

"లే. వారమంతా ఇంగ్లీషుల జవాబు నేర్చుకున్న. మీరూ అడగలే, వాళ్లూ అడగలే."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే కొంత నయంగా ఉండేది.

ఉద్యోగం నాకొచ్చింది. స్నేహితురాలికి తర్వాత వేరే బడిలో దొరికింది. ఆపాకు రాలేదు. ఇంగ్లీషు చాల్లేదనుకున్నారేమో, ఉర్దూ బి.ఏ. వద్దనుకున్నారేమో, మరింకేదోనేమో. ఆమె మళ్లీ దరఖాస్తు పెట్టలేదు. వరండా బోర్డు మాత్రం ఎత్తేయలేదు. వీధిలో ఏ పిల్లకు ఇంటర్వ్యూ వచ్చినా ఆ స్టూలు మీద కూర్చోబెట్టి అన్నీ అడిగేది, ఆ చివరి ప్రశ్నతో సహా.

అన్న రమ్మని ఎన్నిసార్లు కబురు పెట్టినా వెళ్లలేదట. ఇక్కడే జబ్బుపడింది, ఇక్కడి మట్టిలోనే కలిసింది. అదే ఆమె జవాబంటున్నారు అందరూ. నేనూ అలాగే అనుకుంటాను. అంతలోనే, ఉండిపోవడమూ, ఉంటానని నోరారా చెప్పడమూ ఒకటేనా అనిపిస్తుంది.

పరామర్శకు వెళితే ఆమె చెల్లెలు "కూసో అక్కా" అని ఆ స్టూలే లాగింది. ఎదురుగా రెండు ఖాళీ కుర్చీలు, బల్ల మీద కళ్లజోడు. అడిగి ఉంటే ఆపా ఏం చెప్పేదో నాకు తెలియదు. అడగాల్సిందో, అడగకపోవడమే మంచిదైందో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను. కొంగు నలుపుతున్న చేతుల్ని ఒళ్లో దాచుకుని, ఆ కుర్చీల వైపే చూస్తూ కూర్చున్నాను.