పన్నెండు సీసాలు, ఒకే కడుపు

పియెదాద్ బాయికి ఏ మనిషి ఎదురైనా గుర్తొచ్చేది ఒక్కటే, వాళ్ల కడుపు. బాగున్నారా, పిల్లలేం చేస్తున్నారు, వానలెప్పుడంటారు అని అడగడం మామూలు మనుషుల పని. ఆవిడ పలకరింపే వేరు. "పొద్దున దొడ్డికెళ్లావా? సాఫీగా అయిందా? రంగేంటి?" పోనీ గుసగుసగా అడుగుతుందా అంటే అదీ లేదు. ముప్పై ఏళ్లు ఆసుపత్రి వార్డులో నర్సుగా అరిచిన గొంతు అది. ఆవిడ రిటైరయింది గానీ గొంతు కాలేదు.

ఆదివారం పూజ అవగానే మడ్‌గావ్ పక్కన మా వాడ చర్చి మెట్ల మీద కాపు కాసేది. కొత్త పెళ్లికూతురు చేతుల నిండా గాజులతో దిగుతుంటే, "దీవెనలు తల్లీ! ఊరు మారింది, నీళ్లు మారాయి, మలబద్ధకం ఏమైనా...?" అంది. పిల్ల మొహం కందిపోయింది. అత్తగారు చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. బిషప్‌గారు వచ్చిన రోజున అందరూ మోకాళ్ల మీద కూర్చుని ఆయన ఉంగరాన్ని ముద్దుపెట్టుకుంటున్నారు. బాయి కూడా పెట్టుకుంది. పెట్టుకుని, లేవకుండానే, "ప్రభువులకి సాఫీగా అవుతోందా?" అంది. మా ఫాదర్‌కి అక్కడే ప్రాణం పోయినంత పనైంది. బిషప్‌గారు మాత్రం అటూ ఇటూ చూసి, "మూడు రోజులైందమ్మా" అన్నారు. సాయంత్రానికి ఆయనకి రెండు బొప్పాయిలు వెళ్లాయి.

ఆవిడ కంటపడకుండా తిరగడంలో ఊళ్లో అందరికంటే ఆరితేరినవాడు కైతాన్. కానీ పాపం రొట్టెలవాడు. తాత కట్టిన బట్టీలో రాత్రంతా రొట్టెలు కాల్చి, పొద్దున్నే సైకిల్ మీద హారన్ కొట్టుకుంటూ ఇంటింటికీ తిరగాలి. హారన్ కొట్టుకుంటూ తిరిగేవాడు దాక్కోవడం ఎలా?

"నాలుగు పోయ్ రొట్టెలు ఇవ్వు. నిన్న ఎంతసేపు పడుకున్నావు?" అనేది బాయి గేటు దగ్గర.

"బోలెడు నిద్ర బాయీ! సాయంత్రం రెండు గంటలు. తెల్లవారాక గంటన్నర. మధ్యాహ్నం ఇంకో గంట. ఆదివారం ఫాదర్ ప్రసంగంలో అరగంట అదనం."

"అది నిద్ర కాదు నాయనా, చిల్లర. పేగులకి కూడా పగలేదో రాత్రేదో తెలియాలి. మరి తాగుడు?"

కైతాన్ ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకున్నాడు. "తపస్కాలం కదా, ఫెనీ మానేశాను. చుక్క ముట్టలేదు."

అబద్ధం కాదండోయ్! మా వాళ్లంతా ఈస్టర్ ముందొచ్చే తపస్కాలం నలభై రోజులూ ఫెనీ మానేస్తారు. ఎంత భక్తి! సరిగ్గా ఆ రోజుల్లోనే జీడిపళ్లు పండుతాయి, వాటి మొదటి సారా ఉర్రాక్ దిగుతుంది. ఉర్రాక్ వేరు, ఫెనీ వేరు. రెండోసారి కాచింది ఫెనీ, అది పాపం. ఒకసారి కాచింది ఉర్రాక్, అది పళ్లరసం. ఈ లెక్కన కైతాన్ రోజూ జుజె సారా కొట్లో కూర్చుని, నిమ్మకాయ పిండుకుని, పంది మాంసం చోరీస్ నంజుకుంటూ, ఆరేడు గ్లాసుల పళ్లరసం తాగి మహా నిష్ఠగా ఉపవాసం చేస్తున్నాడు.

ఆ ఏడు బాయికి పిచ్చి ముదిరింది. మడ్‌గావ్ ప్రయోగశాల నుంచి సంచీడు చిన్న సీసాలు తెచ్చి ఇంటింటికీ పంచింది. "ఇందులో కాస్త వేసి, పేరు రాసి ఇవ్వండి. లోపల రక్తం పోతోందేమో, పురుగులున్నాయేమో చూస్తారు. కంటికి కనపడనిది కూడా చెప్పేస్తారు." ఆడవాళ్లు బుద్ధిగా ఇచ్చారు. మగవాళ్లు జుజె కొట్లో సభ పెట్టారు. కొట్టువాడితో కలిపి పన్నెండు మంది.

"ఛీ, అదేం పని! నేను చెయ్యను" అన్నాడు ఒకడు.

"చెయ్యకపోతే వచ్చే ఆదివారం మెట్ల మీద మన పేర్లు చదువుతుంది" అన్నాడు ఇంకొకడు.

అందరికంటే తెలివైన ఉపాయం కైతాన్‌దే. "ఒక్కడు వెళితే చాలదా? ఒకడిదే పన్నెండు సీసాల్లోకి సర్దుదాం." ఆ మహత్కార్యానికి జుజె ముందుకొచ్చాడు. అతడి త్యాగానికి పళ్లరసంతో జేజేలు కొట్టారు.

వారం తిరిగేసరికి ఫలితాలొచ్చాయి. ఆదివారం మెట్ల మీద బాయి కాగితం విప్పింది. "అద్భుతం జరిగింది! పన్నెండు మంది మగాళ్లు, పన్నెండు మంది కడుపులోనూ ఒకే జాతి నులిపురుగులు! పన్నెండు మంది అపోస్తలులకి కూడా ఇంత ఐకమత్యం లేదు! రేపు మధ్యాహ్నం ఒక్కొక్కరూ మా వంటింటికొచ్చి, నా కళ్లముందు మందు మింగి వెళ్లాలి."

మధ్యాహ్నమంటే మా ఊళ్లో కుక్కలు కూడా మొరగవు, ఊరంతా కునుకు తీస్తుంది. అలాంటి వేళ పన్నెండు మందీ మొహాలు వేలాడేసుకుని వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కడికీ రెండు నిమిషాలు. మాత్ర, నీళ్లు, నాలుక చూపించు, పో. ఆఖరివాడు కైతాన్. అతడు లోపలికి రాగానే బాయి తలుపేసింది. మాత్ర ఇవ్వలేదు. కుర్చీ చూపించింది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది. ఆ గొంతులో అంత మెల్లదనం ఉంటుందని కైతాన్‌కి అప్పటిదాకా తెలీదు.

"ఏది బాయీ?"

"రక్తం."

కైతాన్ నవ్వబోయాడు, రాలేదు. "మొలలు బాయీ. బట్టీ దగ్గర పని కదా, వేడి చేసింది. మజ్జిగ తాగితే..."

"మీ నాన్నకీ వేడే చేసిందన్నారు. ఎన్నో ఏట పోయాడు?"

"యాభై రెండు."

"నీకు?"

"నలభై తొమ్మిది. క్రిస్మస్ నుంచి పడుతోంది. మా ఆవిడ ఎర్మెలిన్‌కి చెప్పలేదు. భయం బాయీ. మా నాన్న ఆసుపత్రికెళ్లినవాడు మళ్లీ బట్టీ వెలిగించలేదు."

"ఆయన వెళ్లేసరికి ఆలస్యమైంది. నువ్వు ఎల్లుండి నాతో వస్తున్నావు."

అతడు బయటికి రాగానే బాయి వీధంతా వినపడేలా అరిచింది. "ఎల్లుండి నా మోకాలు చూపించుకోవాలి! బస్సెక్కలేను! ఈ కైతాన్‌ని తోడు తీసుకెళ్తున్నా!" తక్కిన పదకొండు మందీ కైతాన్‌ని చూసి పొట్ట పట్టుకుని నవ్వారు.

పెద్దాసుపత్రిలో డాక్టర్ ప్రియోళ్కర్ అనే ఆవిడ కాగితం తీసింది. "ఫెనీ అలవాటుందా?"

"దేవుడి తోడు డాక్టర్, తపస్కాలం మొదలైనప్పటి నుంచి చుక్క లేదు."

వెనకనుంచి బాయి దగ్గింది. "ఉర్రాక్ గురించి అడగండమ్మా."

"ఉర్రాక్ వేరు కదా!" అన్నాడు కైతాన్, నిజంగా నొచ్చుకుని.

"ఆ తేడా మీ నాలుకకి తెలుసు కైతాన్‌బాబ్, పేగుకి తెలీదు" అంది డాక్టర్. గొట్టం వేసి చూసింది. పెద్దపేగులో కణితి ఉంది. ముక్క తీసి పరీక్షకి పంపితే కేన్సర్ అని తేలింది. కానీ ఇంకా పేగు గోడ దాటలేదు, కోసి తీసేయొచ్చు. "దేనివల్ల వచ్చిందంటే ఇదిగో ఇదీ అని ఒకదాన్ని చూపించలేను. మీ నాన్నగారి కథ ఒకటుంది. దాని మీద రోజూ తాగుడు, ఏళ్ల తరబడి ముక్కలు ముక్కలుగా నిద్ర, పూటపూటా చోరీస్. ఒక్కోటీ ముప్పుని కాస్త కాస్త పెంచుతుంది. మీరు ఏదీ తక్కువ చేసుకోలేదు."

జానెడు పేగు పోయింది, కైతాన్ మిగిలాడు. ఏడెనిమిది రోజులకి మంచం మీద కూర్చుని గంజి తాగుతుంటే బాయి వచ్చి, పక్క మంచాల వాళ్లందరినీ పలకరించి, వాళ్ల రంగులన్నీ కనుక్కుని, చివరికి ఇతడి దగ్గర కూర్చుంది. కైతాన్ ఉండబట్టలేక అడిగేశాడు.

"నీకు ముందే ఎలా తెలిసింది బాయీ?"

"రొట్టెలిచ్చే చెయ్యి పిండికంటే తెల్లగా ఉంటే తెలీదా? బెల్టుకి కొత్తగా రెండు చిల్లులు పొడిచావు."

"మరి నన్నొక్కడినే అడగొచ్చుగా! ఊరందరి పరువూ తియ్యడం దేనికి?"

"నిన్నొక్కడినే అడిగితే, సాయంత్రానికల్లా జుజె కొట్లో నీకు సమాధి కట్టేసేవాళ్లు. రోగిష్టివాడి రొట్టె ఎవరు కొంటారు? నువ్వూ నోరు విప్పేవాడివి కాదు. అందరినీ అడిగితే, పిచ్చిదిలే అని నవ్వుకుంటారు. ఎవరి కోసం అడుగుతున్నానో తెలీదు."

"అందుకని బిషప్‌గారిని కూడానా?"

"ఆయన్నొక్కణ్ణి వదిలేస్తే అనుమానం రాదూ?" అంది బాయి. కైతాన్ నవ్వాడు, కుట్లు లాగి అబ్బా అన్నాడు, మళ్లీ నవ్వాడు. తర్వాత కాసేపు ఏడ్చాడు. బాయి అతడి గంజి చల్లారిపోతోందని తిట్టింది.

వానలు వెలిశాక కైతాన్ మళ్లీ బట్టీ వెలిగించాడు. మొదటి వాయ తాను కాల్చడం మానేసి అందుకు ఇద్దరు పనివాళ్లని పెట్టాడు. తాను ఏకబిగిన ఏడు గంటలు పడుకుంటున్నాడు. ఎర్మెలిన్ మంచం పక్కనే కాపలా మరి. జుజె కొట్లో నిమ్మరసం తాగుతుంటే వెక్కిరిస్తారు, పడతాడు.

ఒక ఆదివారం పూజయ్యాక బయటికొస్తే బాయి యథాప్రకారం మెట్ల మీదుంది. ఫాదర్‌ని అడిగింది, టీచర్‌ని అడిగింది, పాటల బృందాన్ని వరసపెట్టి అడిగింది. చూస్తూ చూస్తూ కైతాన్‌ ఆగిపోయాడు. తన సంగతి తేలిపోయిందిగా. ఇంకా ఎందుకు అడుగుతోంది?

దగ్గరికెళ్లి మెల్లగా అన్నాడు. "బాయీ... ఈసారి ఎవరు?"

"చెప్పేదుంటే ఇంత గొంతు చించుకోవడం దేనికి?" అందావిడ పెదవి కదపకుండా. తర్వాత చర్చి గంట కూడా వినపడనంత గట్టిగా, "ఏం కైతాన్, పొద్దున వెళ్లావా?"

కైతాన్ టోపీ తీశాడు. రొట్టెలు అమ్మే గొంతు అతడిది మాత్రం తక్కువా? "వెళ్లాను బాయీ! ఒకసారి! సాఫీగా! రంగు బంగారం! ఆరు నెలల కింద రక్తం పడేది, మొలలనుకుని దాచాను, కేన్సరన్నారు, కోసి తీసేశారు, ఇప్పుడు రాజాలా ఉన్నాను!"

ఊరంతా ఘొల్లుమని నవ్వింది. ఫాదర్ చెవులు మూసుకుని లోపలికి పరుగెత్తాడు. నవ్వని మనిషి ఒకడు ఆ గుంపులో ఎక్కడో ఉండే ఉంటాడు. అతడెవరో చూడాలని కైతాన్‌కి మెడ పీకింది గానీ తిప్పలేదు. పక్కనున్న పోస్ట్‌మాన్ భుజం మీద చెయ్యేసి, అందరికీ వినపడేలా, "నీ సంగతేంటయ్యా, రంగు చెప్పు!" అన్నాడు.