సంపూర్ణమ్మ వార్డు

సంపూర్ణమ్మను మొదటిరోజే కడుపారా తిట్టుకున్నాను. ఆవిడ ఆ ఆసుపత్రిలో అంటువ్యాధుల వార్డుకి ఆయా. యాభై ఏళ్ళుంటాయి, మనిషి పీలగా ఉన్నా నోరు మాత్రం ఊరంత. మా అమ్మాయి సుగుణను లోపలికి తీసుకుపోతుంటే నేనూ వెంట నడవబోయాను. ఆవిడ తలుపుకి చెయ్యి అడ్డం పెట్టింది.

"చంకలో పసోణ్ణేసుకుని ఎక్కడికే? ఆడిక్కూడా అంటిత్తావా? అవతల కూకో!"

అది డెబ్బై నాలుగో సంవత్సరం, శ్రావణమాసం. నాలుగేళ్ళ సుగుణకు గొంతులో తెల్లటి పొర కట్టి ఊపిరాడక, గుణదల నుంచి రిక్షాలో తెచ్చాను. డిఫ్తీరియా అన్నారు. చంకలో వాడికి అయిదు నెలలు, నా పాలు తప్ప ఏదీ ముట్టడు. మా ఆయన లారీ మీద నాగపూర్ వెళ్ళాడు, కబురంపే దారి లేదు. వీణ్ణి వదిలి లోపలికి పోలేను. దాన్ని వదిలి ఇంటికి పోలేను.

వరండాలో కిటికీ కింద కూలబడ్డాను. సుగుణ మంచం అటు గోడవైపు ఎక్కడో ఉంది, కనపడదు. ఎవరు దగ్గినా మా పిల్లేనేమోనని చెవులు రిక్కించేదాన్ని. దగ్గు ఆగితే ఇంకా భయం. మంచినీళ్ళకి లేవాలన్నా, ఆ కాసేపట్లో ఏమవుతుందోనని మళ్ళీ కూర్చుండిపోయేదాన్ని. ఎదురుగా గేటు బార్లా తెరిచే ఉంది, నాకు మాత్రం జైల్లో పడేసినట్టే ఉండేది.

మూడోరోజు మధ్యాహ్నం లోపల ఇనప మంచం ఈడుస్తున్న చప్పుడైంది. లేచి చూస్తే సుగుణ మంచం కిటికీ పక్కకి వచ్చి ఉంది. సంపూర్ణమ్మ చేతిలో పాలగ్లాసు, చెంచా.

"అదుగో, మీయమ్మ చూత్తంది. ఒక్క చుక్క మింగు. మింగకపోయావంటే మీయమ్మని కొడతా."

అది నావంక చూస్తూ మింగింది. ఒక్క గ్లాసుకి గంట పట్టింది. ఆవిడ డ్యూటీ రెండింటికే అయిపోయిందని తర్వాత నర్సు చెబితే తెలిసింది. ఇక రోజూ అంతే. తిట్లూ మానలేదు, చెంచా పట్టుకోవడమూ మానలేదు. నేను పెట్టిన శాపనార్థాలు తలచుకుని సిగ్గుతో చచ్చిపోయాను.

పదోరోజు పిల్లను నా చేతికిచ్చారు. ఎవరింటి నుంచి కదిలినా "వెళ్ళొస్తాం" అంటాం. ఆసుపత్రిలో మాత్రం ఆ మాట అనకూడదు, అంటే మళ్ళీ రావలసి వస్తుందని భయం. నాకూ తెలుసు. కానీ ఆవిణ్ణి చూసేసరికి అలవాటు మాటే బయటపడింది.

"వెళ్ళొస్తామమ్మా."

సంపూర్ణమ్మ ముఖం జేవురించింది.

"రామాకండి! ఈ గడప ఇంక తొక్కమాకండి. ఎల్లు, ఎనక్కి చూడకుండా ఎల్లు!"

ఇరవై ఏళ్ళుగా, బతికి బయటపడ్డ ప్రతి బిడ్డనూ ఆవిడ అలాగే తరిమిందట. ఆవిడ దీవెన అదే. రోగం వెంట తెస్తుందని ఆ వార్డు ఆయాను ఎవరూ ఇంటికి పిలవరు. గేటుదాకా వెళ్ళాను గానీ అడుగు ముందుకు పడలేదు. వెనక్కి తిరిగాను.

"మేం ఇక్కడికి రాం అమ్మా. మీరే రండి మా ఇంటికి. భోజనానికి రండి."

ఆవిడ పమిటచెంగుతో ముక్కు చీదుకుంది. తర్వాత ఎప్పట్లాగే కసిరింది.

"ఇల్లెక్కడో చెప్పకుండా రమ్మంటే ఎట్టా వత్తారే?"